పాస్ ఇయ్యని నేను, రహీం సాబ్

నర్మెట్ట నుంచి వచ్చి హాస్టల్లో చేరిన కొత్తలోనే బాస్కెట్‌బాల్ కోర్టులో నాకో పేరొచ్చింది: బాల్ దొరికితే వీడు పాస్ ఇయ్యడని. బాస్కెట్లు ఎక్కువ నేనే వేసేవాణ్ణి, మ్యాచ్‌లు మాత్రం ఓడిపోయేవాళ్లం. 'మైదాన్' సినిమా చూశాక సయ్యద్ అబ్దుల్ రహీం గురించి వెతికి చదివాను. ఆయనది ఫుట్‌బాల్. అయినా తగలాల్సిన చోటే తగిలింది.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం ఉస్మానియాలో చదివి బడిపంతులుగా పనిచేశారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన కోచింగ్‌లో 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన పెట్టించిన పోటీలు భలే విచిత్రం. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయొద్దు, ఇంకోదాంట్లో బలం లేని కాలితోనే ఆడాలి. ఒక్కడే నలుగురిని దాటేసే మొనగాడికి అక్కడ పనేముంటది? వచ్చిన బంతిని వెంటనే ఇవ్వాలంటే, అది రాకముందే తలెత్తి పక్కవాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. నేను ఏనాడూ చేయని పని అదే.

భారత జట్టుకు 1951 ఏషియాడ్‌లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనే వచ్చాయి. కానీ నన్ను పట్టుకున్నది 1962 జకార్తా. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, మన సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ తులసీదాస్ బలరాం, ముగ్గురూ స్టార్లే. అయినా మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయారు. తర్వాత థాయిలాండ్ మీద గెలిచారు గానీ, డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి సెమీస్‌లో ఫార్వర్డ్‌గా దింపారు. ఇంతమంది స్టార్ ఫార్వర్డ్‌లున్న జట్టులో, తలకు కట్టుతో ఉన్న డిఫెండర్‌కి ముందు చోటు! అతను సెమీస్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. సెప్టెంబర్ 4న, దాదాపు లక్షమంది ముందు, అదే కొరియా మీద 2-1తో స్వర్ణం.

అప్పటికే రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో, 53 ఏళ్లకే పోయారు.

మొన్న సాయంత్రం మా కోర్టులో డ్రిబ్లింగ్ బంద్ పెట్టి ఒక ఆట ఆడాం. నాకు పడ్డవి రెండే బాస్కెట్లు. అందులో ఒకటి, నేను ఎప్పుడూ పాస్ ఇవ్వని జూనియర్ అందించిన బాల్‌తో.