సర్ శామ్యూల్ బేకర్ – జంట గొట్టాల తుపాకి

మనిషి చేతికి బలం చిక్కడం ఒక ఎత్తు. ఆ బలానికి కొలత తెలియడం మరొక ఎత్తు. ఈ రెంటి నడుమనున్న అంతరాన్ని గ్రహించడానికి పందొమ్మిదవ శతాబ్దంలో జీవించిన సర్ శామ్యూల్ వైట్ బేకర్ చరిత్ర చక్కని ఉదాహరణ. ఆయన వేటగాడు, యాత్రికుడు, గ్రంథకర్త. నైలు నదికి నీరందించే మహాసరస్సులలో ఒకదానిని ఐరోపావారికి ఎరుకపరచినవాడు. ఈజిప్టు ప్రభువు కొలువులో పాషా బిరుదు పొందినవాడు. వీటన్నిటికంటె ముందు ఆయన తుపాకివిద్యలో ఆరితేరినవాడు. ఆ తుపాకిని గూర్చి తెలుసుకొంటే ఆ మనిషి మరింత స్పష్టంగా తెలుస్తాడు.

బేకర్ 1821 జూన్ 8వ తేదీన లండనులో సంపన్న వర్తక కుటుంబంలో జన్మించాడు. ఆ కుటుంబానికి జమైకా, మారిషస్ ద్వీపాలలో తోటలుండేవి. బానిసల చెమటతో పండిన తోటల ఆదాయం మీద పెరిగిన బాలుడే పెద్దవాడై బానిసల వ్యాపారాన్ని అణచడానికి పూనుకోవడం చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

బాల్యం నుండీ ఆయన మనస్సు వ్యాపారం మీద లేదు. ఆ రోజులలో రైఫిళ్లలో మందు తక్కువగా వాడేవారు. గుండు కొంతదూరం పోయేసరికే బాగా క్రిందికి వాలేది. తుపాకి బరువు పెంచి, మందు హెచ్చిస్తే గుండు వేగంగా, తిన్నగా పోతుందని యువకుడైన బేకర్ భావించాడు. 1840లో, పందొమ్మిదేండ్ల ప్రాయంలో, తన ఆలోచన ప్రకారం బ్రిస్టల్ నగరంలోని గిబ్స్ అనే తుపాకుల పనివానిచేత ఒక రైఫిలు చేయించాడు. దాని బరువు 21 పౌండ్లు, గొట్టం పొడవు 36 అంగుళాలు, గుండు బరువు 3 ఔన్సులు, మందు ఒక ఔన్సు. అది ఒంటి గొట్టం తుపాకి. తరువాత సింహళంలో ఆయన జంట గొట్టాల రైఫిళ్లను చేపట్టాడు.

నేటి విద్యార్థులకు ఆనాటి ఆయుధంతో పరిచయం లేదు గనుక దానిని కొంత వివరించడం అవసరం. తూటాను వెనుకనుండి పెట్టే పద్ధతి వ్యాపించకముందు మందునూ సీసపు గుండునూ గొట్టం మూతి నుండే దట్టించేవారు. కొలిచిన మందును పోసి, కొవ్వు పూసిన గుడ్డముక్కలో గుండును ఉంచి, గజకర్రతో మందును అంటేవరకు దిగగొట్టేవారు. వెనుకనున్న చిన్న మొనకు పేలుడు టోపీ తొడిగితే తుపాకి సిద్ధమయ్యేది. గొట్టం లోపలి మెలికల గాడులు గుండును బొంగరంవలె తిప్పి పంపడంచేత అది నిలకడగా పోయేది. ఇట్టి గాడులున్నదానికే రైఫిలు అని పేరు. ఒక పౌండు సీసంతో ఎన్ని సమానమైన గుండ్లు పోయవచ్చునో ఆ సంఖ్యయే తుపాకి నంబరు. 10 నంబరు రైఫిలు గుండు పౌండులో పదవ వంతు, అనగా సుమారు 45 గ్రాములు.

ఒక గుండు కాల్చి మరల దట్టించేలోగా గాయపడిన మృగం మీదికి రావచ్చు. అందుచేత రెండు గొట్టాలను ప్రక్కప్రక్కన అతికిన జంట రైఫిలు వేటగానికి ప్రాణాధారమైంది. అయితే అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. కుడి గొట్టం పేలినప్పుడు దాని తన్ను తుపాకి నడిమి గీతకు కుడివైపున పడుతుంది. అందువల్ల మూతి పైకీ కుడికీ తిరుగుతుంది. ఎడమ గొట్టం అదేవిధంగా ఎడమకు తిప్పుతుంది. కనుక గొట్టాలను సరిసమానమైన ఎడంతో అతికితే రెండు గుండ్లు చెరొక దిక్కుకు పోతాయి. ఈ దోషం పోవడానికి పనివాడు వాటిని మూతివైపు రవ్వంత దగ్గరగా చేర్చి అతుకుతాడు. ఎంత చేర్చాలో లెక్కగట్టి చెప్పడం కష్టం. కాల్చి చూచి, అతుకు కరిగించి, మూతుల నడుమనున్న చీలను జరిపి, మరల అతికి, మరల కాల్చి చూడవలసినదే.

ఇంత శ్రమపడి కుదిర్చిన పొత్తు ఒక్క మందు కొలతకు, ఒక్క గుండు బరువుకు మాత్రమే నిలుస్తుంది. మందు హెచ్చినా తగ్గినా రెండు గుండ్లు ఎడమైపోవడమో, ఒకదాని దారిని మరొకటి దాటడమో జరుగుతుంది. కాబట్టి జంట రైఫిలును చేపట్టినవాడు మొట్టమొదట దానికి గురి కుదుర్చుకోవాలి. తుపాకిని స్థిరంగా ఆనించి, దగ్గరి లక్ష్యంపై కుడి ఎడమ గొట్టాలను కాల్చి, ఏ గొట్టం గుండ్లు ఎక్కడ కూడుతున్నవో వేర్వేరుగా గుర్తించాలి. గుండుకూ గుండుకూ నడుమ గొట్టంలోని మసి తుడవాలి. రెండు గుంపులు కలిసే మందు కొలత దొరికిన తరువాతనే వెనుకనున్న గురిగాడిని, ముందున్న గురిబొడిపెను ఆకురాయితో సవరించాలి. గొట్టాల పొత్తు కుదరకముందే గురిని దిద్దితే ఒక గొట్టం సరిపడి రెండవది మరింత తప్పుతుంది.

మరొక ప్రమాదం కూడా ఉన్నది. ఒక గొట్టం కాల్చిన అదటుకు రెండవ గొట్టంలోని గుండు కదలి ముందుకు జారవచ్చు. మందుకూ గుండుకూ నడుమ ఖాళీ ఏర్పడితే గొట్టమే పగలవచ్చు. తొందరలో నిండిన గొట్టంలోనే మరల మందు పోసినా అపాయమే. అందుచేత నిండిన గొట్టం టోపీని ముందుగా తీసి, గజకర్రతో లోతు చూచుకొని మరీ దట్టించేవారు. ఏనుగు ఎదుట నిలిచి ఈ నియమాలన్నీ పాటించడానికి ఎంత మనోనిగ్రహం కావాలో ఊహించవచ్చు.

1846లో సింహళానికి చేరిన బేకర్ నువారా ఎలియా కొండలలో ఆంగ్ల వ్యవసాయదారుల వలసను నెలకొల్పాడు. పశువులు, విత్తనాలు, కమ్మరులు అన్నీ ఓడలో తరలివచ్చాయి. 10 నంబరు జంట రైఫిళ్లు నాలుగు ఆయన వేట సామగ్రిలో ముఖ్యమైనవి. ఏనుగులను చంపినవారికి ప్రభుత్వమే బహుమానమిచ్చిన కాలమది. అయినప్పటికీ, వినోదంకొరకు ఆయన కూల్చిన ఏనుగుల సంఖ్యను నేటి పాఠకుడు మెచ్చుకోలేడు. తుపాకిలో మందుకు కొలత పాటించిన వ్యక్తి వేటకు కొలత పాటించలేదు. ఈ అనుభవాలను 1850 దశకంలో రెండు గ్రంథాలుగా వెలువరించి ప్రసిద్ధి పొందాడు.

1855లో స్వదేశం చేరిన కొద్దికాలానికే ఆయన భార్య హెన్రియెట్టా మరణించింది. తరువాత ఆయన పంజాబు చివరి మహారాజు దులీప్ సింగ్‌తో కలిసి డాన్యూబ్ నదీప్రాంతానికి వేటకు వెళ్లాడు. 1859లో, తురుష్క సామ్రాజ్యంలోని విదిన్ పట్టణంలో, బానిసగా అమ్మకానికి వచ్చిన ఫ్లోరెన్స్ అనే యువతిని విడిపించి తన వెంట తీసుకొనిపోయాడు. అప్పటినుండి ఆమె ఆయనను విడువలేదు. 1865లో వారి వివాహం లండనులో జరిగింది.

1861లో వారిద్దరూ నైలు జన్మస్థానాన్ని వెదకుతూ బయలుదేరారు. అబిసీనియా సరిహద్దులలోని ఉపనదుల వెంట ఒక సంవత్సరం గడిపి, బేకర్ అరబ్బీ నేర్చాడు. గ్లాస్టర్ వాడైన ఫ్లెచర్ చేసిన 24 నంబరు చిన్న జంట రైఫిలు అక్కడ ఆయనకు ప్రియమైన ఆయుధం. అర పౌండు పేలుడు గుండు వేసే మరొక పెద్ద తుపాకికి అరబ్బులు ఫిరంగి బిడ్డ అనే అర్థంగల పేరు పెట్టారు. దానిని పేల్చినప్పుడు కాల్చినవాడే గిరగిర తిరిగిపోయేవాడు. ఆ ప్రాంతంలో హమ్రాన్ అరబ్బులు తుపాకి లేకుండా, గుర్రంమీద తరిమి, కత్తితో ఏనుగు వెనుక కాలి నరాన్ని ఖండించి వేటాడేవారు. వారి ధైర్యం ముందు తన వేట చిన్నదని బేకర్ నిస్సంకోచంగా ఒప్పుకొన్నాడు. ఇది ఆయన గుణంలోని మేలిమి భాగం.

1863 ఫిబ్రవరిలో గొండొకోరోలో ఆయన స్పీక్, గ్రాంట్ అనే యాత్రికులను కలుసుకొన్నాడు. అక్కడినుండి జ్వరాలనూ, సేవకుల తిరుగుబాట్లనూ, ఆకలినీ సహించి 1864 మార్చి 14న ఒక మహాసరస్సును చూచి దానికి ఆల్బర్ట్ అని పేరు పెట్టాడు. ఆ తీరవాసులకు అది అనాదిగా తెలిసినదే. ఐరోపావారిలో మొదట చూచినవాడు ఆయన. రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ స్వర్ణపతకం, 1866లో సర్ బిరుదు లభించాయి.

1869లో ఈజిప్టు ఖదీవ్ ఇస్మాయిల్ పాషా ఆయనను ఈక్వటోరియా ప్రాంతానికి గవర్నర్ జనరల్‌గా నియమించాడు. బానిసల వ్యాపారాన్ని అణచడం, ఆ భూములను ఈజిప్టులో కలపడం అనే రెండు బాధ్యతలు ఒకే చేతికి వచ్చాయి. ఈ రెంటి లక్ష్యం ఒక్కటేనని బేకర్ పాషా నమ్మాడు. కాని అవి కలిసే గొట్టాలు కావు. బానిసల పడవలను పట్టి ఎందరినో విడిపించిన మాట నిజం. అయితే 1872లో బున్యోరో రాజ్యాన్ని ఈజిప్టులో కలుపుతున్నట్లు ప్రకటించగా రాజు కబరేగా ఎదిరించాడు. మసిండి పట్టణంలో యుద్ధం జరిగింది, పట్టణం బూడిదయ్యింది, బేకర్ సైన్యం వెనుకకు మరలింది. విముక్తి పేరుతో వచ్చినవాడు ఆ ప్రజలకు ఆక్రమణదారుగా కనిపించాడు. ఆఫ్రికావాసులను తక్కువవారుగా చూచే అలవాటు ఆయన రచనలలో కనబడుతూనే ఉన్నది. 1873లో ఆయన మరలిపోయేనాటికి బానిసల వ్యాపారం దెబ్బ తిన్నది గాని అంతరించలేదు.

శేషజీవితంలో ఆయన భారతదేశానికి కూడా వచ్చి వేటాడాడు. 1890లో వన్యమృగాలపై పెద్ద గ్రంథం ప్రకటించాడు. 1893 డిసెంబరు 30న డెవన్ జిల్లాలోని స్వగృహంలో కన్నుమూశాడు. ఫ్లోరెన్స్ 1916 వరకు జీవించింది.

బేకర్ సాహసం, శ్రమ, భార్యాభర్తల అన్యోన్యత మనకు అనుసరణీయాలు. ఆయన లోపం కూడా అంతే గమనింపదగినది. దయ, అధికారవాంఛ అనే రెండు గొట్టాలను ప్రక్కప్రక్కన అతికినంత మాత్రాన రెండు గుండ్లు ఒకేచోట పడవు. విద్య, పదవి, ధనం రేపు మన విద్యార్థుల చేతికి వచ్చే ఆయుధాలు. వాటిని గురిపెట్టే ముందు రెండు గొట్టాలనూ వేర్వేరుగా పరీక్షించుకొనే ఓర్పును వారు నేడే అలవరచుకోవాలి.