బీట్సన్ వైద్యుడు: పొడిగింపబడిన దినములు



హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో పడియుండగా దేవుడు అతని ఆయుష్షును 15 సంవత్సరములు పొడిగించెను. అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద కట్టుమని యెషయా చెప్పెను. ఆ యేండ్లు గడచిన పిమ్మట రాజు మరణించెను. అయినను ఆ దినములు వ్యర్థమని మనము తలంపము.

సర్ జార్జి థామస్ బీట్సన్ జీవితము ఈ సంగతినే మనకు జ్ఞాపకము చేయుచున్నది. ఆయన 1848లో సింహళమందలి ట్రింకోమలిలో పుట్టి, కేంబ్రిడ్జిలోను ఎడిన్‌బరోలోను చదివి, స్కాట్లాండులోని గ్లాస్గో నగరమున శస్త్రవైద్యుడాయెను. యౌవనమున తల్లి రొమ్మున పాలు పుట్టు విధమును గూర్చి పరిశోధించెను. ఈనిన ఆవుకు అండాశయములు తీసివేసినయెడల అది చాలకాలము పాలిచ్చునని కొన్ని దేశముల రైతులు నమ్ముట ఆయన మనస్సున నాటుకొనెను. దూరముననున్న అవయవము రొమ్మును ఏలుచున్నయెడల, రొమ్మున లేచు రాచపుండును కూడ ఏలవచ్చునని ఆయన తలంచెను.

1895లో 33 ఏండ్ల స్త్రీ ఒకతె గ్లాస్గో కేన్సరు ఆసుపత్రిలో ఆయనయొద్దకు వచ్చెను. రొమ్ము తీసివేసినను పుండు మరల లేచి వ్యాపించెను. తన స్థితి ఆశలేనిదని ఎరిగియే ఆమె సమ్మతింపగా, ఆయన ఆమె అండాశయములను తీసివేసెను. 8 నెలలలో పుండు కరగి కనబడకపోయెను. 1896లో ఆయన దీనిని 'లాన్సెట్' వైద్యపత్రికలో ప్రకటించెను. అయితే వ్యాధి తిరిగి వచ్చెను. శస్త్రచికిత్స జరిగిన దాదాపు 4 ఏండ్లకు ఆమె మరణించెను. ఇతర వైద్యులు అట్లే చేసి చూడగా సుమారు ముగ్గురిలో ఒకరికే మేలు కలిగెను.

బీట్సన్ 1933లో గతించెను. అండాశయముల హార్మోను అనేకమైన రొమ్ము కేన్సర్లను పోషించునని పిమ్మట తేటపడెను. 1970ల నుండి టామాక్సిఫెన్ మాత్రలు ఆ హార్మోను పనిని అడ్డగించుచున్నవి. ముదిరిన వ్యాధి నేటికిని సాధారణముగా పూర్తిగా మానదు. అయినను చికిత్సవలన బాధ తగ్గి, ఏండ్ల తరబడి జీవించువారు అనేకులు.

అట్టి సహోదరీలు మన సంఘములలోను ఉన్నారు. ఇక చేయుటకేమియు లేదని వారితో పలుకకుందము. స్వస్థత రాలేదు గనుక విశ్వాసము కొదువయని తీర్పు తీర్చకుందము. నొప్పికి మందు పుచ్చుకొనుట అవిశ్వాసము కాదు. అంజూరపు ముద్ద కట్టుమన్నది ప్రవక్తయే గదా. ప్రార్థించుదము, ఆసుపత్రికి తోడు వెళ్లుదము, వారి పిల్లలకు అన్నము వండిపెట్టుదము. పొడిగింపబడిన ప్రతి దినమును దేవుని దానమే. ఆమేన్.