కుక్క భయము నెఱిగిన శాస్త్రజ్ఞుడు – ఇవాన్ పావ్లోవ్

కుక్క మొరిగినచో దానికి పొగరనుకొందుము. కరచినచో చెడుజాతి యనుకొందుము. దీపావళినాడు మంచము క్రింద దూరి వణకినచో పిరికిదని నవ్వుదుము. ఈ మూడును తొందరపాటు మాటలే. కుక్క క్రోధమునకును, బెదురునకును మూలము చాలవఱకు దాని యనుభవములో నున్నదని, ఆ యనుభవమును మార్చినచో కుక్కయు మారునని లోకమునకు దారి చూపినవారిలో ముందుగ చెప్పదగినవాడు రష్యాదేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఇవాన్ పెట్రోవిచ్ పావ్లోవ్. గంట మ్రోగగానే నోరూరిన కుక్క కథతో మన పిల్లలు ఆయన పేరును నేర్చుకొందురు. ఆ కథ ఆయన పనిలో మొదటి మెట్టు మాత్రమే. కామాఠిపురపు గొందులలోను, దాదరు చాళ్ళలోను కుక్కల నడుమ పెరుగు బాలబాలికలకు తరువాతి మెట్లే ఎక్కువ అక్కఱకు వచ్చును గనుక వానిని కొంత విపులముగ చెప్పెదను.

ఇవాన్ 1849వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన, మాస్కో నగరమునకు ఆగ్నేయముగ నున్న రియాజాన్ పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ దేవాలయమున అర్చకుడు. ఇంటినిండ పిల్లలు, రాబడి స్వల్పము. తోటపనిలో తండ్రికి తోడ్పడుట ఇవాన్‌కు పసితనముననే అలవడెను. ఒడలు వంచి చేయు పనియందు ఆయనకు గల ప్రీతి ముసలితనమువఱకు తగ్గలేదు. ఏడెనిమిదేండ్ల ప్రాయమున ఎత్తునుండి రాతినేలపై పడి తీవ్రముగ గాయపడెను. అందుచే పదునొకండవ యేటికిగాని బడిలో చేరుట సాధ్యపడలేదు. తండ్రివలె అర్చకుడు కావలెనని అతనిని మతపాఠశాలలో చేర్చిరి. అచ్చట చదువుచుండగా, మెదడు చేష్టలను గూర్చి సెచెనోవ్ అను శాస్త్రజ్ఞుడు 1863లో వెలువరించిన గ్రంథము అతని చేతబడెను. మనస్సు చేష్టలను సైతము శరీరధర్మముగ పరీక్షింపవచ్చునన్న ఆ యూహ అతనిని పట్టుకొని విడువలేదు. 1870లో మతవిద్యను విడిచి సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను.

తరువాతి యిరువది యేండ్లును చదువుతోను, లేమితోను గడచినవి. 1875లో పట్టము, 1879లో వైద్యపట్టము లభించెను. 1881లో వివాహమాడెను గాని సంసారమునకు చాలినంత ఆదాయము లేదు. తొలిబిడ్డ పసితనముననే మరణించెను. 1884 మొదలు 1886 వఱకు జర్మనీదేశమున పరిశోధనలు నేర్చెను. 1890లో సైనిక వైద్య విద్యాలయమున ఆచార్యపదవి వచ్చునాటికి ఆయనకు నలువదియేండ్లు దాటినవి. మఱుసటి సంవత్సరము ప్రయోగవైద్య సంస్థలో శరీరధర్మశాస్త్ర విభాగమును నెలకొల్పెను. అప్పటినుండి ఆయన జీవితమంతయు కుక్కల నడుమనే గడచెను.

ఆ కాలమున జంతువును కోసి, అది ప్రాణముతో నున్న కొలది గడియలలో చూడగలిగినంత చూచెడివారు. బాధలో నున్న జంతువు సహజముగ నడచుకొనదు గనుక అందు తెలియునది అల్పమని పావ్లోవ్ గ్రహించెను. శస్త్రచికిత్స చేసి, గాయము మానిన పిమ్మట, ఆరోగ్యముతో తిరుగు కుక్కయందే జీర్ణరసముల తీరును కనిపెట్టవలెనని పట్టుపట్టెను. జఠరములో కొంత భాగమును వేఱొక చిన్న సంచిగ కుట్టు పద్ధతి పలుమార్లు విఫలమై, 1894లో ద్రుజోక్ అను కుక్కయందు ఫలించెను. రష్యన్ భాషలో ఆ పేరునకు చిన్న మిత్రుడని అర్థము. ఈ పరిశోధనలకే 1904లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. రష్యావారిలో ఆ బహుమానము నందుకొన్న మొదటివాడు ఆయనయే. అయితే ఆ విద్యకై అనేక శునకములు బాధపడినవి, అనేకములు మరణించినవి. దీనిని దాచి పావ్లోవ్ చరిత్రను చెప్పుట న్యాయము కాదు.

జీర్ణరసములను కొలుచుచుండగ ఒక చిక్కు వచ్చెను. ఆహారము నోట పడకముందే, దానిని తెచ్చు మనిషి కంటబడగనే కుక్కకు లాలాజలము ఊరుచుండెను. మఱియొకరైనచో ఇది ప్రయోగమును చెఱుపు లోపమని విసుగుకొని యుందురు. పావ్లోవ్ ఆ లోపమునే పరిశోధనా విషయముగ గైకొని మిగిలిన ముప్పదియైదేండ్లును దానికే వినియోగించెను. గంటయే కాదు, తాళము వేయు మెట్రోనోము, దీపము, చర్మముపై స్పర్శ, దేనినైనను ఆహారమునకు కొంచెము ముందుగ పలుమార్లు చూపినచో అదియే ఆహారసూచన యగుచుండెను. దీనికి నిబంధిత ప్రతీకార చర్య యని పేరు. మన యిండ్లలోను ఇది నిత్యము కనబడును. గొలుసు చేతబట్టగనే గంతులు వేయు కుక్క, స్నానపు బకెట్టు చప్పుడు కాగానే మూలకు దాగును. గొలుసునందు సంతోషమును, బకెట్టునందు భయమును పుట్టుకతో వచ్చినవి కావు. రెండును నేర్చుకొన్నవే.

నేర్చుకొన్న భయమును మాన్పవచ్చునా? ఈ ప్రశ్నకు పావ్లోవ్ ప్రయోగశాలలో ఒక వింత సమాధానము దొరకెను. యెరొఫేయెవా అను పరిశోధకురాలు కుక్క చర్మమునకు విద్యుత్తును తగిలించి, వెంటనే ఆహారము పెట్టుచు వచ్చెను. మొదట పెనుగులాడిన కుక్క పలుమార్లయిన పిమ్మట విద్యుత్తు తగులగానే పెనుగులాట మాని, ఆహారమున్న వైపు తల త్రిప్పి నోరూరించుకొనెను. బాధయే భోజనసూచన యైనదన్నమాట! కాని ఆ విద్యుత్తునే చర్మముపై క్రొత్త క్రొత్త తావులకు మార్చుచు పోగా, ఒకనాడు నేర్చినదంతయు ఒక్కసారి కూలిపోయి కుక్క భయంకరముగ పెనుగులాడసాగెను. కుక్క ఓర్పునకు ఒక హద్దు గలదని అందఱకును తెలిసెను. ఇట్టి ప్రయోగము మన మెవ్వరమును చేయదగినది కాదు. అందలి తత్త్వమును మాత్రము గ్రహింపవలెను.

షెంగర్-క్రెస్తొవ్నికొవా అను మఱియొక పరిశోధకురాలు చేసిన ప్రయోగము ఇంకను ప్రసిద్ధమైనది. కుక్కకు వెలుగుతో వేసిన వృత్తము చూపిన తరువాత ఆహారము పెట్టెడిది, దీర్ఘవృత్తము చూపినపుడు పెట్టెడిది కాదు. కుక్క ఆ భేదమును చక్కగ గుర్తించెను. పిదప దీర్ఘవృత్తమును కొంచెము కొంచెముగ గుండ్రము చేయుచు పోయి, పొడవు వెడల్పులు 9కి 8గ నుండునంత దగ్గరకు తెచ్చిరి. మూడు వారములు ప్రయత్నించినను కుక్క రెంటిని సరిగ వేరుచేయలేకపోయెను. అంతటితో ఆగలేదు. అంతవఱకు నెమ్మదిగ నిలుచుండెడి ఆ కుక్క కీచుమని యఱచుచు, పెనుగులాడుచు, తన ఒంటికి కట్టిన పరికరములను పండ్లతో పెఱికివేసెను. గదికి తీసికొనిపోవునపుడు ముందెన్నడును లేనివిధముగ మొరుగసాగెను. మునుపు సులభముగ గుర్తించిన భేదములను సైతము మఱచెను. దానిని ఎవ్వరును కొట్టలేదు, తిట్టలేదు. చేయలేని పనిని చేయుమని అడిగిరి, అంతియే. మరల మొదటి సులువైన పాఠమునుండి ఓపికతో ఆరంభింపగా, తొలిసారికంటె రెట్టింపు కాలము పట్టినను, కుక్క నెమ్మదించెను.

పావ్లోవ్ తానును మిక్కిలి కోపిష్ఠి. సహాయకులపై ఆయన మండిపడుట ప్రయోగశాలలో అందఱకును తెలిసినదే. అట్టి మనిషి, కుక్క పండ్లు బయటపెట్టినపుడు మాత్రము దానిని దూషింపక, ఈ స్థితికి దానిని తెచ్చిన దేమని వెదకెను. నా దృష్టిలో ఆయన గొప్పతనము నోబెల్ బహుమానముకంటె ఇందే ఎక్కువగ కనబడును.

1924వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన నేవా నది పొంగి లెనిన్‌గ్రాడ్ నగరమును ముంచెను. (సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమునకు అప్పటి పేరది.) కుక్కల కొట్టములలోనికి నీరు చొచ్చెను. గాలివానలో వానిని ఈదించుచు ప్రధాన భవనమునకు చేర్చవలసివచ్చెను. ప్రాణములు దక్కినవి గాని కొన్ని కుక్కలు పిమ్మట మారిపోయినవి. స్పెరాన్‌స్కీ అను సహాయకుడు ఒక కుక్కను పరీక్షింపగా, అది నేర్చిన ప్రతీకార చర్యలన్నియు మాయమైనవి, పెట్టిన ఆహారమును ముట్టలేదు. ప్రయోగవేళ పరిశోధకుడు గది వెలుపల నుండుట ఆ శాలలో నియమము. స్పెరాన్‌స్కీ ఆ నియమమును విడిచి కుక్కతోపాటు గదిలో కూర్చుండెను. తెలిసిన మనిషి చెంత నున్నంతసేపు కుక్క తినెను, నేర్చినవి తిరిగి కనబడెను. లేచిపోగానే మరల పోయెను. క్రమక్రమముగ అది కోలుకొనెను. కొంతకాలమునకు తలుపు క్రిందనుండి కొద్దినీటిని గదిలోనికి వదలగా, ఆ సన్నని ధారను చూచి కుక్క అదరిపడి, నేలవంక చూచుచు అటునిటు తిరుగుచు పూర్వపు దుస్థితికి వచ్చెను.

మన బొంబాయివారికి ఈ కథ సులభముగ అర్థమగును. 2005 జులై 26న శాంతాక్రూజులో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసెను. దాదరులో హింద్‌మాతా ప్రాంతమున నీరు నిలుచుట మనకు క్రొత్త కాదు. అట్టి దినమును గడపిన మనుష్యులకే పిదప మబ్బు పట్టగనే గుండె దడదడలాడును. కుక్కకు ఎట్లుండునో చెప్పనేల?

కుక్కలన్నియు ఒక్క తీరువి కావనియు పావ్లోవ్ చూపెను. కొన్నిటికి ఉద్రేకము మెండు, కొన్ని నిదానములు, కొన్ని చురుకైనవి, కొన్ని పుట్టుకనుండి దుర్బలములు. ఒకే కష్టమునకు ఒకటి కోపించును, మఱియొకటి ముడుచుకొని పడియుండును. కలత చెందినవానికి విశ్రాంతి నిచ్చి, బ్రోమైడు అను మందును వాడి నయము చేయుటకు ప్రయత్నించెను. 1935లో శరీరధర్మ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ మహాసభ లెనిన్‌గ్రాడ్‌లో ఆయన అధ్యక్షతన జరిగెను. ఆ సంవత్సరమే ప్రయోగవైద్య సంస్థ ఆవరణమున కుక్కకు ఒక స్మారకచిహ్నము నిలిపిరి. 1936 ఫిబ్రవరి 27న, ఎనుబదియాఱేండ్ల వయస్సున, పావ్లోవ్ న్యుమోనియా వ్యాధిచే మరణించెను.

ఇంటి కుక్కలకు శిక్షణ నిచ్చుట ఆయన చేసిన పని కాదు. ఆయన కనుగొన్న దానిని మచ్చికకును, చికిత్సకును మలచినవారు ఇతరులు. 1924లోనే అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను విదుషి, కుందేలును చూచి భయపడు పీటర్ అను చిన్న బాలునికి ఇష్టమైన తినుబండారము పెట్టుచు, కుందేలును దూరమునుండి కొంచెము కొంచెముగ దగ్గరకు తెచ్చి ఆ భయమును పోగొట్టెను. నేడు కుక్కల బెదురును మాన్పువారు అనుసరించునదియు ఇదే. టపాకాయల చప్పుడునకు వణకు కుక్క యున్నచో, దీపావళికి చాల ముందుగనే ఫోనులో ఆ చప్పుడును, కుక్క చెవి రిక్కించునంత మెల్లగ మాత్రమే వినిపించి, వెంటనే దానికి ప్రియమైన ముద్ద పెట్టవలెను. చప్పుడు ముందు, ముద్ద వెనుక. ఈ వరుస తప్పరాదు. కుక్క తినుట మానెనా, చప్పుడు ఎక్కువైనదని గ్రహించి ఒక మెట్టు దిగవలెను. తొందరపడువారు 9కి 8 నిష్పత్తిలో నున్న ఆ దీర్ఘవృత్తమును తలచుకొందురు గాక. ఇక దీపావళి రాత్రి వచ్చినపుడు దానిని గొలుసుతో వసారాలో కట్టక, లోపలి మూలలో దాగనిచ్చి ఇంటివారెవరైన దగ్గర కూర్చుండుట మంచిది. భయపడు కుక్కను దగ్గరకు తీసికొన్నచో అది చెడునని కొందఱు పెద్దలందురు. స్పెరాన్‌స్కీ కుక్క విషయము చూచిన పిమ్మట ఆ మాట నమ్ముట కష్టము.

క్రొత్తవారిని చూచి గుఱ్ఱుమను కుక్కకును మార్గ మిదే. క్రొత్తమనిషి దూరమున కనబడగనే ముద్ద అందవలెను, నెమ్మదిగ నున్నకొలది దూరము తగ్గవలెను. గుఱ్ఱుమన్నందుకు కొట్టరాదు. ఆ శబ్దము కుక్క మనకిచ్చు హెచ్చరిక. దెబ్బలకు జడిసి హెచ్చరికను మానునే గాని భయమును మానదు. పిమ్మట ఒకనాడు చప్పుడు లేకయే కరచును. చాళ్ళలోని ఇఱుకు వరండాలో తినుచున్న కుక్కను, పిల్లలతో పండుకొన్న తల్లికుక్కను పిల్లలు దాటిపోరాదు. నెమ్మదియైన కుక్క హఠాత్తుగ కరవసాగినచో ముందు దానికి నొప్పి గలదేమో చూపింపవలెను. ఇందుకు పరేలులో 19వ శతాబ్దమునుండి ఉన్న బాయి సకర్‌బాయి పశువుల ఆసుపత్రి మనకు దగ్గఱనే గలదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ ఓపికయంతయు కుక్క మనస్సునకు సంబంధించినది. పిచ్చికుక్క వ్యాధి శిక్షణచే పోవునది కాదు, లక్షణములు కనబడిన పిమ్మట మనిషి బ్రతుకుట దాదాపు అసాధ్యము. కుక్క ఏదైనను, కాటు ఎంత చిన్నదైనను, పదునైదు నిమిషములు సబ్బునీటితో గాయమును కడిగి, పసుపు గాని కారము గాని పెట్టక, ఆ దినముననే బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోయి టీకా వేయింపవలెను. ఇంటనున్న కుక్కకును ఏటేట టీకా వేయించుచుండవలెను.