హక్కునకు కావలి: డాక్టరు అంబేడ్కరు

కాగితముపై వ్రాసిన హక్కు వేరు, చేతికందిన హక్కు వేరు. ఈ భేదమును గ్రంథములకంటె ముందు దాహమువలన నెరిగిన మహనీయులు డాక్టరు భీమరావు రాంజీ అంబేడ్కరుగారు.

వారు 1891వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన మౌ పట్టణమున, సైన్యోద్యోగియగు రాంజీ సక్పాల్, భీమాబాయి దంపతులకు పదునాల్గవ సంతానముగా జన్మించిరి. మహారు కులమున పుట్టినందున పాఠశాలలో నీటికుండను తాకుటకైనను వీలులేకుండెను. బంట్రోతు ఎత్తునుండి పోసిననే త్రాగవలెను. అతడు రానినాడు దప్పికతో నుండవలసినదే.

పెరిగి పెద్దవారై, బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడుగారి విద్యార్థివేతనముతో 1913లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున చేరిరి. పిదప లండనున అర్థశాస్త్రమును, న్యాయశాస్త్రమును అభ్యసించి బారిస్టరైరి.

1923లో బొంబాయి శాసనమండలి, ప్రజాధనముతో నడచు చెరువులు, బావులు అస్పృశ్యులనబడువారికిని తెరవవలెనని తీర్మానించెను. మహాడు పురపాలక సంఘము తన చవదారు చెరువును తెరచినట్లు ప్రకటించెను. ప్రకటన వెలువడెనేగాని గుక్కెడు నీరు దక్కలేదు. 1927 మార్చి 20న అంబేడ్కరుగారు వేలమందితో నడచిపోయి ఆ నీటిని దోసిట పట్టి త్రాగిరి. నాడే వారి అనుచరులు దెబ్బలు తినిరి, మైలపడినదని చెరువునకు శుద్ధి జరిపిరి, వ్యాజ్యము నడచెను. బొంబాయి హైకోర్టున గెలుపు లభించుసరికి 1937వ సంవత్సరము వచ్చెను. దోసెడు నీటికి పదేండ్లు!

ఈ అనుభవముతోనే వారు 1947 ఆగస్టులో ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా సంఘమునకు అధ్యక్షులైరి. 315 అధికరణముల ముసాయిదా 1948 ఫిబ్రవరిలో ప్రజల పరిశీలనకు వెలువడెను. వాక్స్వాతంత్ర్యము, మతస్వాతంత్ర్యము, చట్టము నెదుట సమానత్వము మున్నగు హక్కు లందు కలవు. బావులు, చెరువులు, రోడ్లు వాడుకొనుటలో కులమతభేదము కూడదని 9వ అధికరణము పలికెను. 11వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. ఈ రెండును 1948 నవంబరు 29న సభామోదమును పొందెను.

హక్కులకు చేర్చిన మినహాయింపులు హక్కులనే మ్రింగునని కొందరు విమర్శించిరి. అమెరికాలోనైనను హక్కులు హద్దులేనివి కావని అంబేడ్కరుగారు సమాధాన మిచ్చిరి. అయినను వారి మనసు మిగుల నిలిచినది 25వ అధికరణముపై. హక్కునకు భంగము కలిగినచో ఎంతటి సామాన్యుడైనను తిన్నగా సుప్రీంకోర్టును ఆశ్రయింపవచ్చునని దాని తాత్పర్యము. ఇది లేనిచో రాజ్యాంగమే వ్యర్థమని 1948 డిసెంబరు 9న వారు సభకు తెలిపిరి. అదియే నేటి 32వ అధికరణము. 1949 నవంబరు 26న ఆమోదింపబడిన రాజ్యాంగము 1950 జనవరి 26న పూర్తిగా అమలులోనికి వచ్చెను.

1953లో హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయము వారిని గౌరవ డాక్టరేటుతో సత్కరించెను. పుస్తకములకు చోటుండవలెనని బొంబాయిలో రాజగృహమను ఇల్లు కట్టించుకొన్న ఆ గ్రంథప్రియులు 1956 డిసెంబరు 6న ఢిల్లీలో పరమపదించిరి.

వారు తెరచిపోయిన న్యాయద్వారము నేటికిని తెరచియే యున్నది. అయితే ద్వారమున్నదని తెలియనివానికి గోడయు ద్వారమును ఒక్కటే. తెలియజేయుట గ్రంథాలయముల పని; తెలిసికొనుట మన పని.