చిన్న వాల్వే కదా అని వదల్లేదు!

హైదరాబాద్‌ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే నిజాం కోసం తయారైన 1912 నాటి పసుపు రంగు రోల్స్‌ రాయిస్‌ కనిపిస్తుంది. దాని ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తాం. ఆ పేరులోని ‘రాయిస్‌’ ఎవరో తెలుసా? డిగ్రీ లేని ఓ మెకానిక్‌.

హెన్రీ రాయిస్‌ 1863లో ఇంగ్లాండ్‌లోని ఆల్వాల్టన్‌ పల్లెలో పుట్టాడు. పిండిమర నష్టాల్లో మునిగింది. తొమ్మిదేళ్లకే తండ్రి పోయాడు. పేపర్లు అమ్మాడు, టెలిగ్రాంలు పంచాడు. దగ్గరి బంధువొకావిడ ఏడాదికి 20 పౌండ్లు కట్టి రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేర్చింది. మూడేళ్లకి ఆ డబ్బూ ఆగిపోయింది. ట్రైనింగ్‌ పూర్తికాకుండానే రోడ్డున పడ్డాడు.

1884లో ఓ భాగస్వామితో కలిసి మాంచెస్టర్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టాడు. కాలింగ్‌ బెల్లులతో మొదలుపెట్టి డైనమోలు, క్రేన్ల దాకా వెళ్లాడు. 1903లో కొన్న సెకండ్‌ హ్యాండ్‌ ఫ్రెంచ్‌ కారు నచ్చక, తనే ఒకటి తయారుచేశాడు. 1904 ఏప్రిల్‌ 1న అది రోడ్డెక్కింది. మరుసటి నెలలో చార్లెస్‌ రోల్స్‌ పరిచయమయ్యాడు. 1906లో కంపెనీ పుట్టింది.

కారుని రాయిస్‌ కనిపెట్టలేదు. షాక్‌ అబ్సార్బర్‌ కూడా ఆయన ఐడియా కాదు. మరి ఆయన గొప్పేంటి? టెస్టింగ్‌. డెర్బీ ఫ్యాక్టరీలో చాసిస్‌ని ఎగుడుదిగుడు చక్రాల మీద కుదిపే యంత్రం ఉండేది. విరిగేదేదో అక్కడే విరగాలి, కస్టమర్‌ దగ్గర కాదు.

1920లలో కార్లకి హైడ్రాలిక్‌ డాంపర్లు వచ్చాయి. గుంతలో పడ్డాక స్ప్రింగ్‌ ఊగుతూనే ఉంటుంది. డాంపర్‌లోని ఆయిల్‌ సన్నటి దారిలోంచి వెళ్తూ ఆ ఊపుని ఆపుతుంది. ఒత్తిడి మరీ పెరిగితే వాల్వ్‌ తెరుచుకుంటుంది. వాల్వ్‌ బిగుతైతే ప్రతి రాయీ నడుముకి తెలుస్తుంది. వదులైతే కారు పడవలా ఊగుతుంది. మరి సరిగ్గా ఉందని తెలిసేదెలా? డాంపర్‌ చేతికి బరువు వేలాడదీసి, దిగడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూడాలి. కుడి, ఎడమ డాంపర్లకి సమయం కలవాలి. వేడికి ఆయిల్‌ పల్చబడుతుంది కాబట్టి రెండింటినీ ఒకే వేడిలో పరీక్షించాలి. గాలి బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది.

అప్పటికి రాయిస్‌ ఫ్యాక్టరీలో లేడు. తిండీ నిద్రా మానేసి పనిచేసి ఒళ్లు పాడుచేసుకున్నాడు. 1912లో పెద్ద ఆపరేషన్‌ అయింది. అప్పట్నుంచి సముద్రతీరంలోని ఇళ్లలోనే ఉంటూ డ్రాయింగులు, ఉత్తరాలు డెర్బీకి పంపేవాడు. అక్కణ్నుంచి టెస్ట్‌ రిపోర్టులు వచ్చేవి. వాటిని చూసి మళ్లీ మార్పులు చెప్పేవాడు. 1930లో బారోనెట్‌ బిరుదు వచ్చినా తనని మెకానిక్‌ననే చెప్పుకున్నాడు. 1933లో కన్నుమూశాడు.

ఆయన పనితీరు నేర్చుకోండి. ఒళ్లు పాడుచేసుకోవడం మాత్రం వద్దు!

నా మొదటి ఇంటర్వ్యూలో ఫైనలియర్‌ ప్రాజెక్ట్‌ గురించి గడగడా చెప్పాను. పనిచేస్తుందని ఎలా తెలుసని అడిగారు. నోరు పెగల్లేదు. ఉద్యోగమూ రాలేదు. మీ రెజ్యూమెలో ప్రాజెక్ట్‌ పేరు కింద ఒక్క లైన్‌ చేర్చండి: ఏం కొలిచారు, ఎంత వచ్చింది, తర్వాత ఏం మార్చారు. రాయడానికేమీ లేకపోతే, ఇంటర్వ్యూకి ముందే ఆ టెస్ట్‌ చేసేయండి.