సగం దగ్గర ఆగిపోయిన ఫెరారిస్

టార్క్-స్లిప్ కర్వ్ గీయమంటే ఇంటర్వ్యూలో చాలామంది ఠక్కున గీసేస్తారు. దానిమీద పొరబడిన మహానుభావుడు ఒకాయన ఉన్నారు. ఇటలీకి చెందిన గెలీలియో ఫెరారిస్.

1847లో పుట్టిన ఆయన టురిన్‌లో ప్రొఫెసర్. 1885లో రెండు కాయిల్స్‌కు ఫేజ్ తేడాతో కరెంట్ ఇచ్చి, తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టించారు. మధ్యలో పెట్టిన రాగి సిలిండర్ ఏ తీగా తగలకుండానే తిరిగింది! క్షేత్రం కన్నా సిలిండర్ ఎంత వెనకబడితే, అంటే స్లిప్ ఎంత పెరిగితే, టార్క్ అంత పెరిగింది. ఈ లెక్కన గరిష్ఠ పవర్ వచ్చేది సగం వేగం దగ్గర. రోటార్‌కు చేరే పవర్‌లో స్లిప్ ఎంత శాతమో అంతా వేడిగా పోతుంది కాబట్టి, అక్కడ సగం వృథా. ఇలాంటి మోటార్ వ్యాపారానికి పనికిరాదని 1888లో ప్రచురించారు. పేటెంట్ కూడా తీసుకోలేదు.

లెక్క తప్పు కాదండీ. కానీ మోటార్‌ని గరిష్ఠ పవర్ దగ్గరే నడపాలని ఏముంది? రోటార్ రెసిస్టెన్స్ తగ్గిస్తే, అదే టార్క్ కొద్దిపాటి స్లిప్‌కే వస్తుంది. ఆ పేపర్ చదివిన దొలివో-దొబ్రోవొల్‌స్కీ ఇది పట్టుకుని, 1889లో జర్మనీలో స్క్విరల్ కేజ్ మోటార్ తయారుచేశారు. మీ ల్యాబ్‌లో నాలుగు పోల్స్ మోటార్ నేమ్‌ప్లేట్ మీద 1440 అని ఉంటే, 1500కి తేడా 60. స్లిప్ 4 శాతమే.

ఫెరారిస్ 1897లో, 50 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. అప్పటికే ఆ మోటార్లు ఫ్యాక్టరీల్లో తిరుగుతున్నాయి.