బడి గుమ్మం దగ్గర అందరూ ఒక్కటే

ఏప్రిల్ 7వ తేదీన మనం స్మరించుకునే పునీత జాన్ బాప్తిస్త్ ద లాసాల్ గారు పేదపిల్లలకు బడులు పెట్టిన గురువు అని మీరు వినే ఉంటారు. అయితే ఆయన కోర్టు తీర్పులను ఎందుకు ఎదుర్కోవలసి వచ్చిందో తెలుసా? పేదల బడిలో పేదలు కానివారినీ చేర్చుకున్నారన్నదే ఆయన మీద మోపిన నేరం.

ఆయన 1651లో ఫ్రాన్స్‌లోని రాన్స్ పట్టణంలో సంపన్నుల ఇంట జన్మించారు. 1678లో గురుపట్టం పొందారు. మరుసటి యేడు ఆడ్రియన్ నియెల్ అనే ఆయన పేదబాలురకు బడి తెరవాలని ఆ ఊరు వస్తే, కాస్త సాయం చేద్దామని మాత్రమే ముందుకు వచ్చారు. ఉపాధ్యాయులు బాగుపడనిదే బడి బాగుపడదని గ్రహించి, 1681లో వారిని తన ఇంటికే తెచ్చుకున్నారు. బంధువులు మండిపడ్డారు. దేవుని మీద భారం వేయండని ఆయన అంటే, ఆస్తిపరుని మాట ఆ బీద ఉపాధ్యాయుల చెవికెక్కలేదు. అందుకే 1683లో దేవాలయ పదవిని వదులుకొని, ఆ వెంటనే వచ్చిన కరువులో తన ఆస్తిని ఆకలిగొన్నవారికి రొట్టెగా పంచిపెట్టారు.

ఆయన బడుల్లో ఫీజు లేదు. అంతవరకు పిల్లలకు ముందు లాటిన్‌లో చదవడం నేర్పేవారు. ఆయన మాతృభాష అయిన ఫ్రెంచితో మొదలుపెట్టించారు. ఒక్కొక్కరిని విడిగా పిలిచి చెప్పే పద్ధతికి బదులు, తరగతి అంతటికీ కలిపి బోధింపజేశారు. పిల్లవాడు బడి మానేస్తే కారణం వెదకమన్నారు. ఆ కారణం ఉపాధ్యాయునిలోనే ఉండవచ్చునని హెచ్చరించారు.

1688లో పారిస్ చేరాక చిక్కులు వచ్చాయి. బడి మంచిదని తెలిసి చిన్న వర్తకులు, చేతిపనివారు కూడా తమ పిల్లలను పంపసాగారు. ఫీజులు పోయిన వ్రాత పంతుళ్ల సంఘం దావా వేసింది. నిజంగా పేదలని తెలిసినవారినే చేర్చుకోవాలని 1704లో అధికారులు ఆజ్ఞాపించారు. 1706లో అక్కడి బడులు కొంతకాలం మూతబడ్డాయి కూడా. ఆయన మాత్రం మరో ఊరిలో, రువాన్ దగ్గర సెంట్ యోన్‌లో, పై చదువులకు బాట వేశారు. 1719లో పవిత్ర శుక్రవారంనాడు అక్కడే కన్నుమూశారు. 1900లో పునీత పట్టం లభించింది. 1950లో జగద్గురువులు 12వ పయస్‌గారు ఆయనను ఉపాధ్యాయుల పాలక పునీతునిగా ప్రకటించారు.

పేదవాడనే ముద్ర వేసి ఇచ్చే చదువు పిల్లవాని తల వంచుతుంది. అందరి పక్కన ఒకే బల్ల మీద కూర్చోబెట్టి ఇచ్చే చదువు తల ఎత్తిస్తుంది. హైస్కూలు నడిపే పెద్దలారా, జూన్‌లో చేర్పుల వేళ మీ ఆఫీసు ముందు ఒక కూలితల్లి బిడ్డ చేయి పట్టుకొని నిలబడుతుంది. ఆమెను ఎంతసేపు నిలబెడతారు, ఏమని అడుగుతారు, ఏ సెక్షనులో వేస్తారు? మీ బడి ఎవరిదో తేలేది అక్కడే.